పదిహేను అంగలు

విమానాన్ని కూల్చినవాడు, ఆ కూలిన విమానంలోంచి మంటల మధ్య మనిషిని భుజాన వేసుకుని బయటికి తెచ్చినవాడు చిక్కడపల్లి మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. అది నేను. అప్పటికి నాకు పదేళ్ళు.

నవ్వకండి. మొన్న లైబ్రరీ పక్క సందులో టీ బండి దగ్గర కుర్రాళ్ళు కూడా ఇలాగే నవ్వారు. పొద్దున్నే లైబ్రరీలో పేపర్లు చదవడం, పదకొండింటికి బయటికొచ్చి ఆ బండి దగ్గర టీ తాగడం, ఇదీ ప్రస్తుతం నా ఉద్యోగం. అక్కడ చేరేవాళ్ళంతా అశోక్‌నగర్ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ సర్కారు నౌకరీ పరీక్షలకు చదివే పిల్లలు. వాళ్ళకి నేను ఉచితంగా దొరికే కాలక్షేపం.

ఆ రోజు పాలమూరు వైపు కుర్రాడొకడు ఫోన్ తెచ్చి నా ముక్కు కింద పెట్టాడు.

“తాతా, జర ఇది సూడు. మా నాయిన పత్తి చేనుకు డ్రోన్‌తోని మందు కొట్టిస్తుండు.”

చూశాను. పెద్ద సాలీడు లాంటి డ్రోన్ ఒకటి పత్తి మీద గుయ్యిమంటూ పోతోంది. చేను చివర కరెంటు తీగకు తగిలి, కొట్టిన దోమలా ధబేల్‌మని పడింది. వీడియో తీస్తున్నవాడు పగలబడి నవ్వుతున్నాడు. పంచె ఎగ్గట్టిన పెద్దాయన పరుగెత్తుకెళ్ళి, దాన్ని చంటిపిల్లాడిలా గుండెలకు హత్తుకుని లేపాడు. దాని డబ్బా పగిలి మందంతా ఆయన అంగీ మీద కారుతోంది.

“తర్వాత ఏం చేశాడు మీ నాయన?”

“ఏం జేస్తడు? డ్రోన్ మనది గాదు, కిరాయిది. ఖరాబైతదని ఎత్తుకొని ఇంటికి తెచ్చిండు.”

“స్నానం చేశాడా?”

“ఎవరు, డ్రోనా?”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

“ఎప్పటిదిరా ఇది?”

“ఇప్పటిదే తాతా. మా తమ్ముడు పంపి పది నిమిషాలు గాలే.”

“ఫోన్ చెయ్. బట్టలు తీసేసి సబ్బుతో స్నానం చెయ్యమను, తలతో సహా. ఆ అంగీ ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు.”

“గంత పరేషాన్ ఎందుకు తాతా...”

“ముందు చెయ్యరా!”

నా గొంతు టీ బండివాడు కూడా ఎప్పుడూ విననంత పెద్దగా వచ్చింది. కుర్రాడు ఫోన్ చేశాడు. అటునుంచి తండ్రి గొంతు అందరికీ వినిపించింది. “ఇప్పుడేం తానంరా? పొద్దున్నే చేస్తి గద!”

“అంగీ ఇప్పు నాయినా. ఈడ ఒక తాత లొల్లి పెడుతుండు.”

కాసేపటికి అవతల బొక్కెన చప్పుడు వినబడింది. అప్పుడు కుర్రాడు నన్ను అనుమానంగా చూసి, “గివన్నీ నీకెట్ల ఎరుక?” అన్నాడు. అప్పుడే నేను మొదటి వాక్యం వదిలాను. విమానం, మంటలు, భుజం, పదేళ్ళు. వదిలిన మాట వదిలినట్టే కాగితం మీద పెడదామని కూర్చున్నాను కాని, కాగితం టీ బండి లాంటిది కాదు. నవ్వదు, అలాగని ఊరుకోదు.

మా నాన్నది ఆకాశంలో తిరిగే కంపెనీలో నేల మీద ఉద్యోగం. పంటల మీద పురుగుమందు చల్లే విమానాలుండేవి ఆ కంపెనీకి. ఆయన మెకానిక్కు. కోస్తా నుంచి ఈ ఊరొచ్చి చిక్కడపల్లిలో ఒక పెద్ద లోగిలిలో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. ఆరు వాటాలకు నడివాకిట్లో ఒకటే పంపు. సీజన్లో నాన్న క్యాంపు నుంచి వచ్చాడంటే మనిషి కంటే ముందు వాసన వచ్చేది. కుళ్ళిన వెల్లుల్లికి కిరసనాయిలు కలిపినట్టుండే వాసన. ఆ వాసన గేటు దాటితే చాలు, అమ్మ పంపు దగ్గర బొక్కెన, బట్టల సబ్బు, తువ్వాలు పెట్టేసేది. నాన్న వీధి చెప్పులతో నేరుగా అక్కడికే. తల నుంచి పాదాల దాకా రెండుసార్లు సబ్బు. ఆ బట్టల్ని అమ్మ చేత్తో ముట్టుకోదు, కర్రతో ఎత్తి విడిగా నానబెడుతుంది. అది అయ్యేదాకా అక్కా నేనూ గడప ఇవతలే. పరుగెత్తుకెళ్ళి నాన్న కాళ్ళు చుట్టుకోబోతే అమ్మ జబ్బ పట్టుకుని వెనక్కి లాగేది. “ముందు నీళ్ళు. తర్వాతే నాన్న.”

పక్క వాటా మామ్మగారు ఇదంతా అరుగు మీద నుంచి చూసి మురిసిపోయేది. “ఎంత మడి మనిషమ్మా మీ ఆయన! ఈ కాలంలో ఇంత ఆచారం ఎవరికుంది?” నాన్న తల తుడుచుకుంటూ నమస్కారం పెట్టేవాడు. ఆ పేరుతో ఆవిడ ఆవకాయ జాడీలోంచి మాకు చాలా ముక్కలు ముట్టాయి.

మేడ మీద ఒంటి గదిలో ఆ కంపెనీ పైలట్ ఉండేవాడు. పెళ్ళి కాలేదు. ఏ రాష్ట్రం వాడో మాకెవరికీ సరిగా తెలియదు. కెప్టెన్ సాబ్ అనేవాళ్ళం. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడూ ఒక్క వాక్యంలో పెట్టి మాట్లాడేవాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా. విమానం నడిపేటప్పుడు కూడా. ఆదివారం నన్ను స్కూటర్ ముందు నిలబెట్టుకుని నారాయణగూడ చౌరస్తాలో ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళేవాడు. అక్కడ చాయ్ సాసర్లో పోసుకుని ఉఫ్‌ఫుమని ఊది తాగడం, బిస్కెట్ ముంచి అది విరిగి పడకముందే నోట్లో వేసుకోవడం ఆయనే నేర్పాడు. “హీరో, టైమింగ్ ముఖ్యం. చాయ్ల అయినా, పైన హవా మే అయినా,” అనేవాడు. ఆయన చొక్కా జేబులో రేకు డబ్బాలో సిగరెట్లుండేవి. డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యడం మాత్రం నేను సొంతంగా నేర్చుకున్నాను.

ఆ ఏడు దసరా సెలవుల్లో అమ్మ పురిటికి పుట్టింటికెళ్ళింది. అక్కనీ నన్నూ ఎక్కడ వదలాలో తెలియక నాన్న తనతో క్యాంపుకి తీసుకెళ్ళాడు. అక్కకి పద్నాలుగు. పాలమూరు వైపు, ఎర్రటి నేల, కనుచూపు మేర ఆముదం చేలు. ఆ ఏడు దాసరి పురుగు పట్టింది. ఆకంతా తినేసి ఈనెలు మాత్రం మిగిల్చే పురుగు. సాయంత్రం గాలి ఆగినప్పుడు చేను గట్టున కూర్చుంటే చిటపటమని సన్నటి చప్పుడు వినబడేది. వాన మొదలైందేమో అనుకున్నాను. “వాన గాదు బిడ్డా, పురుగులు ఆకు గొరుకుతున్నయి,” అన్నాడు జెండా తాత.

జెండా తాత ఎవరో చెప్పాలి. విమానం చేను మీద ఎంత మేర మందు చల్లిందో, మళ్ళీ ఎక్కడి నుంచి చల్లాలో పైలట్‌కి ఎలా తెలియాలి? దానికి మనుషులే గుర్తు. చేనుకి ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు వెదురుకర్రకు కట్టిన తెల్లజెండా పట్టుకుని నిలబడతారు. పైలట్ రెండు జెండాలనూ ఒకే గీతలో పెట్టుకుని తాటిచెట్టులో సగం ఎత్తున దూసుకొస్తాడు. నెత్తి మీద నుంచి విమానం దాటగానే జెండా మనిషి గాలికి ఎదురుగా పదిహేను అంగలు వేసి మళ్ళీ నిలబడతాడు. గాలికి ఎదురుగా ఎందుకంటే, కొత్తగా చల్లిన మందు చల్లేసిన వైపుకే కొట్టుకుపోవాలి కాబట్టి. అయినా సగం మందు జెండా మనిషి మీదే పడేది. ముక్కుకో గుడ్డ కట్టుకునేవాళ్ళు, అంతే. ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అప్పుడు దాన్ని మించిన ఉద్యోగం భూమ్మీద లేదనిపించింది నాకు.

క్యాంపు మాకు తిరనాళ్ళలా ఉండేది. అక్క ఇటుకల పొయ్యి మీద ఉప్మా మాడ్చేది. కూలీ ఆడవాళ్ళు జాలిపడి జొన్నరొట్టె, మీద ఎర్ర కారం పెట్టి ఇచ్చేవాళ్ళు. విమానం దిగడానికి చదును చేసిన చెలకలోకి ఊళ్ళో ముసలమ్మలు బతుకమ్మ పూలతో సహా వచ్చి, విమానం ముక్కుకి పసుపు పూసి, బొట్టు పెట్టి, “దీనికి దానా ఏం పెడతరు సారూ?” అని నాన్ననడిగారు. ఆయుధపూజ రోజు దాని ముందు గుమ్మడికాయ కూడా కొట్టారు. కెప్టెన్ సాబ్ తెల్ల చొక్కా మీద కుంకుమ పడినా తుడుచుకోలేదు.

పండగ మర్నాడు జెండా మనుషులు సగం మంది రాలేదు. జెండా తాత వచ్చాడు కాని నడుం పట్టేసి మూలుగుతున్నాడు. నాకు ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదనిపించింది. కెప్టెన్ సాబ్ డబ్బాలోంచి రాత్రే కొట్టేసిన మూడు సిగరెట్లు చూపించాను. తాత వాటిని చూశాడు, నన్ను చూశాడు, రెండు మైళ్ళ దూరంలో మందు కలుపుతున్న నాన్న వైపు చూశాడు.

“మీ నాయినకు జెప్పవు గద?”

“నువ్వు చెప్పకపోతే నేనెందుకు చెప్తాను?”

జెండా చేతికొచ్చింది. నాకంటే రెండింతలు పొడవు. అక్క ఎక్కడో వెనకాల నా ఉప్మా డబ్బా పట్టుకుని, “నాన్నకి చెప్తానుండు!” అని అరుస్తోంది.

సూర్యుడు అప్పుడే పైకి లేచాడు. ముందు చప్పుడు, తర్వాత చుక్క, తర్వాత పసుపు రంగు ముక్కు. నేరుగా నా మీదికే వస్తోంది. పారిపోవాలనిపించింది, కాళ్ళు కదల్లేదు. అందుకే నిలబడ్డాను. (దీన్ని నేను టీ బండి దగ్గర ధైర్యమని చెప్పాను.) కడుపు నెత్తికి తగులుతుందన్నంత దగ్గరగా దాటింది. వెనకాలే చల్లటి తుంపర. వెల్లుల్లి వాసన. పెదవులు తడిశాయి. కెప్టెన్ సాబ్ నన్ను గుర్తుపట్టి చెయ్యి ఊపాడని ప్రమాణం చేసి చెప్పగలను. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి పదిహేను అంగలు వేశాను.

నా తప్పు అక్కడే ఉంది. పదిహేను అంగలంటే పెద్దవాళ్ళ అంగలు. చేను ఆ చివర ఉన్నవాడు ఆరడుగుల మనిషి, కొంగలా సాగేవాడు. నావి పిచ్చుక కాళ్ళు. నేను పదిహేను వేస్తే వాడి పదికి సరి. ఒక్కో వరసకీ నా చివర అయిదంగలు వెనకబడింది. వరస తిన్నగా ఉండాల్సింది ఏటవాలుగా తిరిగింది. తిరిగి తిరిగి పన్నెండో వరసకి విమానం ముక్కు తూర్పున మోటబావి పక్కనున్న కరెంటు తీగ వైపుకి మళ్ళింది. నాకు ఆ క్షణం ఇప్పటికీ కనబడుతుంది. చక్రాలు తీగను గీరాయి. నీలం మెరుపు ఒకటి. విమానం తడబడి, ఆముదం చేలో ముక్కు గుచ్చుకుని, తోక పైకెత్తి ఆగిపోయింది.

ఇక మంటలు. మంటలు లేవు. ఒప్పుకుంటున్నాను. ఒక్క నిప్పురవ్వ కూడా లేదు. భుజాన వేసుకోవడం కూడా లేదు. ఆయన శరీరంలో నేను మోయగలిగిన భాగం ఎడమ బూటు ఒక్కటే. నేను చేసిందల్లా భయంతో భళ్ళున వాంతి చేసుకోవడం.

కెప్టెన్ సాబ్ తనంతట తనే దిగాడు. నుదుటి మీద చిన్న గీత, అంతే. పైలట్ సీటు ముందే మందు తొట్టి ఉంటుంది ఆ విమానంలో. అది పగిలి మందంతా ఆయన మీద ఒలికింది. తెల్ల చొక్కా పసుపు పచ్చగా ఒంటికి అతుక్కుపోయింది. నడిచొచ్చి, “కుఛ్ నహీ హువా, ఏం కాలే,” అని నవ్వి, జేబులోంచి సిగరెట్ డబ్బా తీశాడు. మూత తీసి లోపల చూసి, ఒక క్షణం ఏదో లెక్క పెట్టుకున్నాడు. నేను ఆముదం చెట్ల చాటుకి జరిగాను.

ఆ చేను పటేల్‌ది, ఊళ్ళో పెద్దమనిషి. ఆకాశం నుంచి అతిథి వచ్చి తన చేలో పడ్డాడు. మర్యాద చెయ్యకపోతే ఊరు నవ్వదూ? నులక మంచం వేయించాడు. తడిసి వణుకుతున్నాడని కొత్త గొంగడి తెప్పించి, తడి బట్టల మీదే మెడ దాకా చుట్టబెట్టాడు. చెంబుడు చల్ల తాగించాడు. మాకూ ఊరికీ తెలిసిన మర్యాదలన్నీ జరిగాయి. పెద్దమనిషిని పదిమందిలో బట్టలు విప్పమనడం అందులో లేదు. గొంగడి లోపల ఆ మందు ఆయన ఒంట్లోకి ఇంకుతూనే ఉంది.

పావుగంటకి ఆయన ముఖం మీద చెమట ధారలు కట్టింది. మూతి పక్క నుంచి చొంగ కారుతోంది. “బాదల్ ఆయా క్యా? మబ్బు పట్టిందా?” అన్నాడు. నెత్తి మీద ఎండ మండిపోతోంది. ఎవరో కళ్ళలోకి చూసి, “నల్లగుడ్డు ఆవగింజంత అయ్యింది,” అన్నారు. పటేల్ ఇంకో గొంగడి తెమ్మన్నాడు.

అప్పుడొచ్చింది కూలీల్లోంచి ఒకావిడ. కొంగు నడుముకి బిగించి, మంచం దగ్గర వంగి వాసన చూసింది. ఒక్క లాగు లాగింది గొంగడి.

“ఏందే, పెద్దమనిషి మీద చెయ్యేస్తవా? ఆడోళ్ళు శానమంది ఉన్నరీడ!” అని పటేల్ గద్దించాడు.

“సిగ్గు పానం కంటె ఎక్కువనా పటేలా? ఇప్పుండ్రి బట్టలు! నీళ్ళు తేండ్రే!”

మోటబావి నుంచి మంచం దాకా ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు. అందరూ ముఖాలు అవతలికి తిప్పుకునే కడవలు అందించారు, చివరావిడ కూడా అటు తిరిగే పోసింది. మొదటి కడవ పటేల్ మీద పడింది. “మీదికి పొయ్యే, నా మీద గాదు!” అని ఆయన అరుస్తున్నాడు. మొగవాళ్ళిద్దరు చొక్కా కోసేశారు. బట్టల సబ్బు ముక్క అరిగిపోయేదాకా రుద్దారు. నాన్న జీపులో వచ్చేసరికి కెప్టెన్ సాబ్ ఒంటి మీద ఆ కూలీ ఆవిడ పండగ చీర చుట్టి ఉంది. టౌను ఆస్పత్రిలో సూది మీద సూది వేశారు. ఇంకో అరగంట ఆ బట్టల్లోనే ఉంటే సూదులకి పని ఉండేది కాదన్నాడట డాక్టరు. మూడో రోజుకి ఆయనకి పగలు పగలులా కనబడింది.

కాబట్టి బతికించింది ఆవిడ. నేను కాదు. ఇది మొదటి ఒప్పుకోలు. ఇది చెప్పడం పెద్ద కష్టమేమీ కాదు. నా ముఖం చూసినవాళ్ళు ఆ భాగం ఎలాగూ నమ్మరు.

రెండోది ఎవరికీ చెప్పలేదు. ఆ పావుగంట, ఆయన గొంగట్లో చెమటలు కక్కుతున్నంత సేపు, ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఆ చేలో ఒకడున్నాడు. ముందు నీళ్ళు అన్న మాట నా నాలిక మీదే ఉంది. పుట్టిన దగ్గరి నుంచీ మా వాకిట్లో చూస్తున్నదే. నోరు తెరవలేదు. తెరిస్తే నావైపు చూస్తారు, చూస్తే జెండా ఎవరు పట్టుకున్నారని అడుగుతారు. కూల్చింది నేను. కూల్చి, పక్కన నిలబడి చూసింది కూడా నేనే.

కెప్టెన్ సాబ్ మళ్ళీ మేడ మీది గదికి వచ్చాడు కాని చేతులు వణికేవి. సాసర్లో చాయ్ ఒలికేది. తర్వాతి సీజన్‌కి విమానం ఎక్కలేదు. కొన్నాళ్ళకి గది ఖాళీ చేసి వాళ్ళ ఊరెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు “హీరో ఎక్కడ?” అని లోగిలంతా వెతికాడట. నేను దోమలగూడ దాకా పరుగెత్తి సాయంత్రానికి గాని ఇల్లు చేరలేదు.

నారాయణగూడ బళ్ళో మొదటిసారి ఆ కథ చెప్పినప్పుడు మంటలు లేవు. మరుసటేడు కొంచెం పొగ చేర్చాను. కాలేజీకొచ్చేసరికి మంటలు, ఉద్యోగంలో చేరాక భుజం. ఎందుకంటే, బతికించినవాడినని గట్టిగా చెబితే, కూల్చినవాడినన్న మాట అందరికీ సరదాగా వినబడుతుంది. నవ్వేస్తారు. నిజం చెప్పి నవ్వు సంపాదించడం చాలా సుఖమైన పద్ధతి. అరవై ఏళ్ళు అలాగే గడిపాను. ఆ లోగిలి పోయి అయిదంతస్తుల కోచింగ్ సెంటరయింది. ఇరానీ హోటల్ ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. జెండా తాతల పని ఇప్పుడు డ్రోన్‌కి దారి చూపే ఫోన్లో చుక్కలు చేస్తున్నాయి. పదిహేను అంగలు మాత్రం నా కాళ్ళలోనే ఉన్నాయి. ఇప్పటికీ రోడ్డు దాటేటప్పుడు లెక్కపెడతాను.

పాలమూరు కుర్రాడి తండ్రి బాగానే ఉన్నాడు. ఆ మాట తెలిశాకే ఇది రాయడానికి కూర్చున్నాను. రాశాక ఒక్క మనిషికైనా వినిపించాలనిపించింది. ఆటో ఎక్కి నారాయణగూడలో అక్క ఇంటికెళ్ళాను. అక్క చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. “చదువు, చెవులు ఖాళీగానే ఉన్నాయి,” అంది. మొత్తం చదివాను. కెప్టెన్ సాబ్ వెళ్ళిపోయిన చోటు రెండుసార్లు చదివాను. అక్క చెయ్యి ఆగలేదు.

“అయిందా?”

“అయింది.”

“పన్నెండో వరసలో జెండా నీ చేతిలో ఎక్కడుందిరా?”

“అదేంటి? నేనేగా...”

“మూడు వరసలు. అంతే నువ్వు నిలబడింది. నోరు తెరుచుకుని ఆ తుంపరంతా మింగావు. మూడో వరసకే కళ్ళు తిరిగి వాంతి చేసుకున్నావు. విమానం పడ్డాక కాదు, పడకముందు. నిన్ను లాక్కెళ్ళి మోటబావి దగ్గర బట్టలు విప్పి, సబ్బు పెట్టి కడిగి పడుకోబెట్టాను. తాతకి నడుం లేదు. జెండా నేను పట్టుకున్నాను.”

“మరి నీ అంగలు...”

“నావి పొడుగు కాళ్ళు. పైగా పదిహేను కాదు, పద్దెనిమిది వేశాను. వరస తిన్నగానే ఉంది. పొద్దుటి ఎండ కళ్ళలో కొట్టి తీగ కనబళ్ళేదని ఆయనే నాన్నతో చెప్పాడు. ఆస్పత్రిలో, నా ముందే. నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.”

“అరవై ఏళ్ళు ఈ మాట చెప్పలేదేమే?”

“నువ్వెప్పుడైనా అడిగావా? చెప్పడమే కదా నీ పని.” అక్క ఒక కాయ విరిచి పురుగుందేమో చూసి పడేసింది. “ఆ కూలీ ఆవిడకి కడగాలని ఎలా తెలిసిందనుకున్నావు? నిన్ను కడుగుతుంటే పక్కనే ఉంది. ఇదేం వాసన బిడ్డా, ఎందుకు ఇన్ని నీళ్ళు అనడిగింది, చెప్పాను. విమానం పడగానే నేను నాన్న కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను. నేనొచ్చేసరికి ఆయన్నీ కడిగేశారు.”

నాకు గుండెల మీంచి రోలు దించినట్టయింది. దించగానే, నా స్వభావం ఎక్కడికి పోతుంది, లేచి కూర్చున్నాను.

“అంటే... నాకు వాంతి కాకపోతే నువ్వు కడిగేదానివి కాదు. నువ్వు కడక్కపోతే ఆవిడకి తెలిసేది కాదు. ఆవిడకి తెలియకపోతే ఆయన పోయేవాడు. అక్కా! అయితే ఆయన్ని బతికించింది నేనే కదా!”

అక్క కళ్ళజోడు ముక్కు మీదికి దించి నన్ను చూసింది.

“నువ్వు వాంతి చేసుకున్నావు. అంతవరకే రాయి.”